గాలి గిరక ఎక్కిన అమీలియా

మాది జనగామ. పుట్టిల్లు మానుకోట. ఇప్పుడు అందరూ మహబూబాబాద్ అంటున్నారు గానీ, మా నోటికి మానుకోటే వస్తుంది. చెల్లెల్ని భూపాలపల్లికి ఇచ్చాం. మరిదిది సింగరేణిలో ఉద్యోగం. 2016 దాకా మా అందరిదీ ఒకటే జిల్లా, వరంగల్లు. ఇప్పుడు మూడు జిల్లాల వాళ్లమైపోయాం. అయినా రెండేళ్లకోసారి అందరం ఒకచోట కలుస్తాం... మేడారం జాతరలో!

2024 ఫిబ్రవరిలో జరిగిన జాతరకు కూడా అలాగే వెళ్లాం. బెల్లం పట్టుకుని గద్దెల దగ్గరికి వెళ్లే వరుసలో నిలబడ్డాం. తలపైన హెలికాప్టర్ చక్కర్లు కొడుతోంది. డబ్బు కట్టినవాళ్లను ఎక్కించుకుని జాతరంతా పైనుంచి చూపిస్తోంది. చెల్లెలి కూతురు మెడ నొప్పెట్టేదాకా దాన్నే చూసి, తాను ఇంటర్ అయ్యాక పైలట్ కోర్సులో చేరతానని ఉన్నట్టుండి బయటపెట్టింది. పిల్ల ఎంపీసీ చదువుతోంది, తెలివైంది. కానీ మా మరిది ముఖం మాడిపోయింది. పడితే ఎవరు దిక్కు అన్నాడు. అంతటితో ఆగకుండా నా వైపు చూశాడు.

ఎందుకు చూశాడో నాకు తెలుసు. నలభై రెండేళ్ల వయసులో నేను స్కూటీ నేర్చుకోబోయి, మా వీధి మలుపులోనే పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నా. ఆ రోజు నుంచి స్కూటీ తాళంచెవి బీరువాలోకి వెళ్లిపోయింది. వద్దని ఎవ్వరూ అనలేదు. ఇదిగో అని ఎవ్వరూ తీసి ఇవ్వనూ లేదు. మా ఆయన మోటారుసైకిలు మీంచి రెండుసార్లు పడ్డాడు. ఆయన తాళంచెవి మాత్రం ఎప్పుడూ గోడ మేకుకే వేలాడేది!

ఆ రాత్రి చలిమంట దగ్గర కూర్చుని పిల్లకు అమీలియా ఇయర్‌హార్ట్ కథ చెప్పాను. అట్లాంటిక్ సముద్రం దాటిన వీరవనితగా ఆమె పేరు చాలామందికి తెలుసు. నేను చెప్పింది ఆ ఘనత కాదు. దానికి ముందు ఏడాది ఆమె గిరక విమానం నడుపుతూ పడ్డ కథ. మీకూ అదే చెబుతాను.

పసుపు రంగు విమానం

అమీలియా 1897 జులై 24న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, అచిసన్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి లాయరు. మంచివాడే గానీ తాగుడు అలవాటైంది. ఉద్యోగాలు నిలవక కుటుంబం ఊళ్లు మారుతూ పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి కెనడాలోని టొరంటోలో గాయపడిన సైనికులకు సేవ చేసింది. 1920 డిసెంబరులో కాలిఫోర్నియాలో తండ్రితో కలిసి విమానాల ప్రదర్శనకు వెళ్లి, మొదటిసారి గాల్లోకి లేచింది. పది నిమిషాల ప్రయాణం. అంతే, ఇక నేల మీద మనసు నిలవలేదు.

మర్నాటి నుంచే ఫీజు వెతుకులాట. టెలిఫోన్ కంపెనీలో పనిచేసింది. దొరికిన పనల్లా చేసింది. నీటా స్నూక్ అనే మహిళా పైలట్ దగ్గర 1921 జనవరిలో పాఠాలు మొదలుపెట్టింది. చూశారా, ఆడపిల్లకు నేర్పింది మరో ఆడమనిషే! ఆ ఏడాదే పసుపు రంగు చిన్న విమానం ఒకటి కొనుక్కుంది. 1922లో 14,000 అడుగుల ఎత్తుకు వెళ్లి మహిళల రికార్డు పెట్టింది. 1923లో అంతర్జాతీయ విమానయాన సమాఖ్య లైసెన్సు చేతికొచ్చింది. అమెరికాలో ఆ లైసెన్సు పొందిన పదహారో మహిళ ఆమె.

లైసెన్సు వచ్చింది గానీ డబ్బు నిలవలేదు. ఇంటి పరిస్థితులు తలకిందులయ్యాయి. ఇష్టంగా కొనుక్కున్న విమానాన్ని అమ్మేసి, బోస్టన్‌లో వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలకు చదువు చెప్పే కేంద్రంలో ఉద్యోగానికి కుదిరింది. అక్కడుండగానే 1928లో పిలుపొచ్చింది. అట్లాంటిక్ దాటే విమానంలో ఒక మహిళ కూడా ఉండాలని నిర్వాహకుల కోరిక. వెళ్లింది. ఇద్దరు మగవాళ్లు విమానం చూసుకున్నారు, ఈమె వెనక కూర్చుంది. 20 గంటల 40 నిమిషాల్లో సముద్రం దాటారు. పేరంతా ఈమెకే వచ్చింది. ఆ పొగడ్తలు ఆమెకు ముల్లులా గుచ్చుకున్నాయి. తన చేతులతో నడపని విమానానికి తనకు దండలేమిటని సిగ్గుపడింది. 1929లో ప్రయాణికులను తీసుకెళ్లే అర్హతనిచ్చే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు సంపాదించింది. అమెరికాలో అది దక్కిన నాలుగో మహిళ.

పెళ్లిరోజు ఉత్తరం

ప్రచురణకర్త జార్జ్ పుట్నం ఆమెను పెళ్లాడమని ఆరుసార్లు అడిగాడట. 1931 ఫిబ్రవరి 7న పెళ్లయింది. ఆ రోజే ఆమె వరుడి చేతిలో ఒక ఉత్తరం పెట్టింది. తన పనికి అడ్డు రాకూడదనీ, అప్పుడప్పుడు తన మానాన తానుండే చోటు ఒకటి కావాలనీ, ఏడాదిలో ఇద్దరికీ సంతోషం దొరక్కపోతే తనను వదిలేయాలనీ దాని సారాంశం. 1931లో! అతను ఒప్పుకున్నాడు. చివరిదాకా ఆమె ప్రపంచానికి ఇయర్‌హార్ట్‌గానే తెలుసు.

గిరకే రెక్క అయితే...

ఇక్కడ మా పిల్లకు ఒక సంగతి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. జాతరలో కొన్న రంగు కాగితాల గిరక దాని చేతిలోనే ఉంది. పట్టుకుని పరుగెత్తమన్నా. గిర్రున తిరిగింది. దాన్ని నువ్వు తిప్పావా అనడిగా. లేదు, గాలి తిప్పింది అంది. అదే ఆటోజైరో!

హెలికాప్టర్‌లో ఇంజను పైనున్న పెద్ద రెక్కలను తిప్పుతుంది. ఆటోజైరోలో గాల్లో ఉన్నప్పుడు ఇంజను ఆ రెక్కల జోలికి పోదు. అది వేరే ప్రొపెల్లర్‌ను తిప్పి బండిని ముందుకు తోస్తుంది. బండి ముందుకు పోతుంటే ఎదురుగాలి కిందినుంచి పైకి దూసుకెళ్లి, పైనున్న గిరకను తిప్పుతుంది. తిరిగే గిరకే రెక్కలా పనిచేసి బండిని గాల్లో నిలబెడుతుంది. హెలికాప్టర్‌లా గాలి లేనిచోట కదలకుండా నిలవలేదు. కానీ ఇంజను ఆగినా గిరక ఆగదు, దిగుతున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. మామూలు విమానం వేగం తగ్గితే రెక్కల పట్టు తప్పి కూలుతుంది. ఈ బాధ లేకుండా చేయాలనే స్పెయిన్ దేశపు ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా దీన్ని కనిపెట్టి, 1923లో ఎగిరించి చూపించాడు. ఇప్పుడు వీటిని జైరోప్లేన్లనీ, జైరోకాప్టర్లనీ అంటున్నారు. చాలా దేశాల్లో సరదాకి, పోటీకి నడిపే ఆటగా ఉంది. మన దేశంలో 2023 డిసెంబరులో హరిద్వార్‌లో పర్యాటకుల కోసం దీన్ని ఎగరేసి చూశారు.

అమెరికాలో ఆటోజైరోలు చేసింది హెరాల్డ్ పిట్‌కైర్న్ కంపెనీ. వాళ్ల పీసీఏ-2 అనే రకానికి 300 గుర్రాల శక్తి గల ఇంజను, 45 అడుగుల గిరక. 1930 డిసెంబరులో అమీలియా కాసేపు పక్కన కూర్చుని చూసి, తర్వాత ఒంటరిగా దాన్ని గాల్లోకి లేపింది. ఆటోజైరో నడిపిన మొదటి మహిళ అయింది. 1931 ఏప్రిల్ 8న పెన్సిల్వేనియాలో అదే రకం బండిని 18,415 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లింది. అంత ఎత్తుకు అప్పటికి ఏ మగవాడూ ఆటోజైరోను తీసుకెళ్లలేదు. పెళ్లయి రెండు నెలలే!

తొమ్మిది రోజుల తేడా

ఆ ఊపులో ఆమె అమెరికాను ఈ చివర నుంచి ఆ చివరకు ఆటోజైరోలో దాటాలనుకుంది. చూయింగ్ గమ్ అమ్మే బీచ్‌నట్ కంపెనీ తమ పేరు రాసిన బండి ఇచ్చింది. మే చివర్లో న్యూజెర్సీలోని నెవార్క్ దగ్గర బయలుదేరింది. బండి ఎక్కువసేపు ఎగరలేదు, మాటిమాటికీ దిగి ఇంధనం నింపుకోవాలి. దిగిన ప్రతిచోటా జనమే జనం. జూన్ 6న కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ చేరింది.

తీరా చేరాక ఏముంది? జానీ మిల్లర్ అనే పైలట్ సొంత ఆటోజైరోలో మే 28నే శాన్ డియాగో చేరుకున్నాడు. తొమ్మిది రోజుల తేడాలో ‘మొదటి’ అన్న మాట చేజారింది. మనమైతే బండిని రైల్లో వేయించి ఇంటికి వచ్చేసేవాళ్లమేమో. ఆమె బండిని తిప్పి, వచ్చినంత దూరమూ తిరుగు ప్రయాణం కట్టింది. పోయి రావడం మొదట చేసినదాన్ని తానే అవుతానని ఆశ.

జూన్ 12. టెక్సాస్‌లోని అబిలీన్. జనం చూస్తుండగా బండి లేచింది. కొద్ది ఎత్తుకు పోయిందో లేదో, కిందికి జారి, ఆపి ఉన్న కార్లకు తగిలి ముక్కలైంది. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఉన్నట్టుండి గాలి పట్టు తప్పిందని ఆమె చెప్పింది. కానీ విమానయానం చూసే ప్రభుత్వ శాఖ ఒప్పుకోలేదు. అజాగ్రత్త అని తేల్చి, రాతపూర్వకంగా మందలించింది. అంత పేరున్న మనిషికి ఎంత తలవంపో ఆలోచించండి. ఆమె ఇంకో ఆటోజైరో తెప్పించుకుని మిగతా దారి పూర్తిచేసింది. సెప్టెంబరులో డెట్రాయిట్ సంతలో దిగుతుంటే మళ్లీ బండి దెబ్బతింది. కంగారుగా పరుగెత్తిన భర్త తీగ తట్టుకుని పడి గాయపడ్డాడు. ఆమెకేమో చిన్న గీత కూడా పడలేదు!

ఆమెది తప్పా, గాలిది తప్పా? నేను తీర్పు చెప్పను. ఆ రోజుల్లో ఈ బండి గుణం పూర్తిగా తెలిసినవాళ్లు తక్కువ. విమానం చేతికి అలవాటైతే ఇదీ వచ్చేస్తుందనుకునేవారు. అదే తేడా. ఇప్పుడు అమెరికాలో జైరోప్లేన్‌కు విడిగా అర్హత రాసి ఇస్తారు. స్పోర్ట్ పైలట్ లైసెన్సుకైనా కనీసం 20 గంటలు ఎగరాలి, రాత పరీక్షా గాల్లో పరీక్షా నెగ్గాలి. అమీలియాలాంటి వాళ్ల దెబ్బల మీంచే ఇలాంటి నియమాలు పుట్టాయి.

విన్యాసాల మాట కూడా మా పిల్ల అడిగింది. ముందు చెప్పిన జానీ మిల్లరే ఆటోజైరోతో గాల్లో గుండ్రంగా పల్టీ కొట్టి చూపించాడు. చూసేవాళ్లకు గుండె ఆగినంత పని. అందులో కిటుకు ఒక్కటే, బండి బరువు గిరక మీంచి ఒక్క క్షణం కూడా తీసెయ్యకూడదు. గాలిపటం దారం బిగువుగా ఉన్నంతసేపే పటం నిలుస్తుంది. వదులైతే తల్లకిందులవుతుంది. ఇదీ అంతే. పైకి పోతూ ముక్కును ఒక్కసారిగా కిందికి నొక్కితే గిరక మీద బరువు పోయి, వేగం తగ్గి, రెక్కలు అదుపు తప్పి తోకనే నరికేస్తాయి. అందుకే ఆటగా నడిపే జైరోప్లేన్లలో దాదాపు అన్నింటికీ పల్టీలు నిషేధం. ధైర్యం వేరు, తెలియనితనం వేరు అని పిల్లకు గట్టిగా చెప్పాను.

ఆ తర్వాతే అట్లాంటిక్

మందలింపు అందుకున్న ఏడాది తిరక్కుండానే, 1932 మే 20న అమీలియా న్యూఫౌండ్‌లాండ్‌లో మామూలు విమానం ఎక్కి ఒంటరిగా అట్లాంటిక్ మీదికి బయలుదేరింది. మంచు, గాలివాన, దెబ్బతిన్న ఇంజను గొట్టం లోంచి మంటలు. దాదాపు 15 గంటల తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో ఆవులు మేసే బీడులో దిగింది. ఒంటరిగా అట్లాంటిక్ దాటిన మొదటి మహిళ. ఈసారి విమానం నడిపిన చేతులు తనవే. నాలుగేళ్ల నాటి ముల్లు అప్పుడు దిగింది.

1935లో హవాయి నుంచి కాలిఫోర్నియాకు ఒంటరిగా ఎగిరింది. అదే ఏడాది పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ఉద్యోగాల దారి చూపే సలహాదారుగా చేరింది. అంతకుముందే మహిళా పైలట్లు కలిసి పెట్టుకున్న ‘నైంటీ నైన్స్’ సంఘానికి మొదటి అధ్యక్షురాలు. తొంభై తొమ్మిది మంది సభ్యులతో మొదలైంది కనుక ఆ పేరు.

1937లో భూగోళం చుట్టి రావాలని ఫ్రెడ్ నూనన్‌తో కలిసి బయలుదేరింది. జూన్ 15న కరాచీలో దిగింది. అప్పటికి దేశం విడిపోలేదు కాబట్టి మన నేల మీద కాలుపెట్టినట్టే. జూన్ 17న కలకత్తా. తొలకరి వానలకు మైదానం తడిసి ముద్దయి ఉంటే, అందులోంచే ఎలాగో లేచి రంగూన్ వైపు సాగింది. జులై 2న న్యూగినీలోని లే నుంచి పసిఫిక్ సముద్రంలో చుక్కంత హౌలాండ్ దీవికి బయలుదేరింది. చేరలేదు. ఓడలూ విమానాలూ రెండు వారాలు వెతికాయి. ఏమీ దొరకలేదు. నలభై నిండటానికి ఇంకా మూడు వారాలుంది. 1939 జనవరిలో ఆమె చనిపోయినట్టు కోర్టు ప్రకటించింది.

మా అమ్మ అడిగిన ప్రశ్న

జాతర నుంచి అటే మానుకోట వెళ్లాం. వాకిట్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. పిల్ల ఈ కథంతా అమ్మమ్మకు వినిపించింది, కరాచీ దాకా! అక్కడ ఆపేసింది గడుసుది. అమ్మ అంతా విని, ఇంతకీ ఆ పిల్ల ఇంటికొచ్చిందా అనడిగింది. పిల్ల నా ముఖం చూసింది. దాచబుద్ధి కాలేదు. రాలేదు అని చెప్పా. మరిది వెంటనే, చూశారా మరి అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆటోజైరో కనిపెట్టిన సియెర్వా 1936లో లండన్ దగ్గర మామూలు ప్రయాణికుల విమానంలో సీట్లో కూర్చుని పోతూ ప్రమాదంలో చనిపోయాడని చెప్పబోయా. అది జవాబు కాదని నాకే అనిపించి ఊరుకున్నా.

జవాబు అమ్మ ఇచ్చింది. మన ఊళ్లో తాటిచెట్టు మీంచి పడి నడుములు విరిగిన గౌండ్లోళ్లు ఎంతమంది లేరు, పోయినవాళ్లు ఎంతమంది లేరు, వాళ్ల కొడుకుల్ని చెట్టెక్కొద్దని మోకు ఎవరైనా దాచారా, జాగ్రత్తగా ఎక్కమనే గదా చెప్పింది... ఇంత మాట అనేసి మిరపకాయలు తిరగేయడానికి లేచిపోయింది. మరిది మాట్లాడలేదు.

ఇక లోకం మారిందా అంటే కొంత మారింది. 1936లో లాహోరులో సరళా తుక్రాల్ చీర కట్టుకుని విమానం నడిపి, లైసెన్సు తీసుకుంది. ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది కంపెనీలు ఆడమనిషివి అని వెనక్కి పంపితే, ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. ఇప్పుడు ఎవరికైనా దారి ఒకటే. 16 ఏళ్లకు స్టూడెంట్ పైలట్ లైసెన్సు, 17కి ప్రైవేటు లైసెన్సు. ఉద్యోగం కోసం కమర్షియల్ లైసెన్సు కావాలంటే 18 ఏళ్లు, 200 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలి. అన్నిటికంటే ముందు వైద్య పరీక్ష. కళ్లు, చెవులు, గుండె సరిగా ఉన్నాయో లేదో డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరే చూడాలి.

మానుకోట నుంచి వెళ్లిన నెలకు మరిది ఫోన్ చేశాడు. సరే అని ఇప్పటికీ అనలేదు. ఆ వైద్య పరీక్ష చేసే డాక్టరు హైదరాబాదులో ఎక్కడుంటాడో కనుక్కోమన్నాడు. అంతే. ఫీజులు లక్షల్లో ఉన్నాయి, ఆ లెక్క ఇంకా తేలలేదు. కానీ మాట అయితే పిల్ల పడుతుందేమో అన్న దగ్గర్నుంచి, డబ్బెట్లా అన్న దగ్గరికొచ్చింది. నాకది చిన్న సంగతిగా అనిపించలేదు.

నేను జనగామ వచ్చిన రోజే బీరువా తీశాను. తాళంచెవి చీరల అడుగున ఉంది. హెల్మెట్ పెట్టుకుని, ఈసారి సరిగ్గా నేర్పేవాళ్ల దగ్గర పదిహేను రోజులు నేర్చుకుని, ఆర్టీవో పరీక్ష నెగ్గి లైసెన్సు తీసుకున్నా. ఇప్పుడు ఆదివారాలు పెంబర్తి దాకా ఒక్కదాన్నే వెళ్లొస్తున్నా. తాళంచెవి గోడ మేకుకు, మా ఆయన తాళంచెవి పక్కనే వేలాడుతోంది.

మీ ఇంట్లో బీరువా అడుగున ఏముందో ఒకసారి చూసుకోండి.